ఎర్రసిరా తీర్పు

టీచరమ్మకి ఒక గర్వం ఉండేది. పదిహేనేళ్ళ పిల్లలకి కథ చదవడం తనలా ఇంకెవరూ నేర్పలేరని. ఊరికే వచ్చిన గర్వం కాదులెండి, ఆ మాటా చెప్పుకోవాలి. శుక్రవారం చివరి పీరియడ్ వచ్చిందంటే ఆవిడ క్లాసుని కోర్టు చేసేసేది. పిల్లలు కథలు రాసిన నోటుబుక్కులకి పేరు కనపడకుండా కాగితం చుట్టి ఇవ్వాలి. అందులోంచి ఒకటి లాగి పైకి చదివేది. బోర్డు మధ్య నిలువుగా గీత గీసి ఇటు "నమ్మచ్చు", అటు "నమ్మలేం" అని రాసేది. కథ చెబుతున్న మనిషికి మతి సరిగ్గా ఉందా, లేదా? సాక్ష్యం కాగితం మీదే దొరకాలి. రాసిందెవరో అడగడానికి వీల్లేదు, తనూ అడిగేది కాదు. చేతులెత్తించి, తీర్పుని కథ కిందే ఎర్రసిరాతో రాసి సంతకం పెట్టేది. మార్కులు మాత్రం వేరే రిజిస్టర్లో వేసేది.

ఆ శుక్రవారం చేతికొచ్చిన కథలో ఓ అమ్మాయి తన గోడు చెప్పుకుంటుంది. వాళ్ళింట్లో వస్తువులు నడుస్తున్నాయట. నాన్న కళ్ళజోడు పిండిడబ్బాలో తేలింది. ఇస్త్రీపెట్టె ఫ్రిజ్‌లో దొరికింది. బీరువా తాళాలు పెరట్లో నీళ్ళతొట్టి అడుగున ఉన్నాయి. అందరూ తనకేసే చూస్తున్నారు. "నేను చెయ్యలేదు" అంటుంది మొదటి పేజీలో. "ఇంతమంది అంటుంటే నేనే చేసి మర్చిపోతున్నానేమో" అంటుంది రెండో పేజీలో. అప్పట్నించి బడికి వచ్చేముందు ప్రతి వస్తువు చుట్టూ సుద్దముక్కతో గీత గీసి వస్తోంది. నాయనమ్మ ఒక్కతే తనని నమ్ముతుంది, కిటికీ పక్క కుర్చీలోంచి కదలదు పాపం. తాళాలు దొరికిన రోజు నాయనమ్మ చెప్పులు తడిగా ఉన్నాయి. అక్కడితో కథ అయిపోయింది.

క్లాసు పగలబడి నవ్వింది.

"పేజీకో మాట చెబుతోంది మేడమ్. ఎలా నమ్ముతాం?"

"ఇల్లంతా సుద్దగీతలు గీసేవాళ్ళకి మతి ఉంటుందా మేడమ్?"

"నమ్మలేం" వైపు బోర్డు నిండిపోయింది. అప్పుడు మూడో బెంచీలో ఒక చెయ్యి లేచింది. అందరూ పెన్సిల్ అని పిలిచే బక్కపిల్ల అది. ఏడాది మొత్తంలో చెయ్యెత్తి ఎరగదు.

"మేడమ్, మరి నాయనమ్మ చెప్పులు ఎందుకు తడిగా ఉన్నాయి?"

టీచరమ్మ గడియారం చూసుకుంది. ఇంక ఐదు నిమిషాలే ఉన్నాయి. "అది వర్ణనమ్మా. కథన్నాక కాస్త తడి ఉండాలి కదా" అంది. క్లాసు మళ్ళీ నవ్వింది. తన చమత్కారానికి తనే మురిసిపోయింది మహాతల్లి. పెన్సిల్ కూర్చుండిపోయింది.

తీర్పు ఇలా రాసింది: "ఈ అమ్మాయికి మతి స్థిమితం లేదు. తను చేసే పనులు తనకే తెలియడం లేదు. ఒక్క మాటా నమ్మడానికి వీల్లేదు." కింద పొడుగ్గా సంతకం. గంట కొట్టాక ఎవరి నోటుబుక్కు వాళ్ళు బల్ల మీంచి తీసుకుపోయారు.

సోమవారం పెన్సిల్ రాలేదు. పది రోజుల తర్వాత అడిగితే, వేరే ఊళ్ళో హాస్టల్లో వేశారని గుమస్తా చెప్పాడు. టీచరమ్మ "అలాగా" అంది. మర్చిపోయింది కూడా.

రెండు నెలలకి పెన్సిల్ వాళ్ళమ్మ స్టాఫ్‌రూమ్‌కి వచ్చింది. పిల్లని మళ్ళీ ఈ బడిలోనే చేర్పించాలట. కూర్చోమన్నా కూర్చోలేదు. సంచీలోంచి నోటుబుక్కు తీసి, ఎర్రసిరా ఉన్న పేజీ విప్పి బల్ల మీద పెట్టింది.

"మీరు రాసిందే కదండీ?"

టీచరమ్మ తన సంతకం గుర్తుపట్టింది. "అవునండీ, కానీ అది కథలో అమ్మాయి గురించి..." అంది.

"మాకేం తెలుసండీ. అన్నీ మా ఇంట్లో జరిగినవే. ఇది చూసి వాళ్ళ నాన్న, టీచరుకే తెలిసిపోయాక ఇంక దాచి లాభం లేదన్నారు. మర్నాడే తీసుకెళ్ళి హాస్టల్లో దిగబెట్టేశారు. అది ఏడుస్తూనే ఉంది, మేం చెవిన పెట్టలేదు." ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "వారం తిరక్కుండా కళ్ళజోడు మళ్ళీ పిండిడబ్బాలో కనపడింది. అప్పుడు కాపు కాశాం. మా అత్తగారండీ. ఎవరూ లేనప్పుడు లేచి తిరుగుతోంది. మతిమరుపు జబ్బట, ఏం చేస్తుందో ఆవిడకే తెలీదు. పిల్లకి ముందే అనుమానం ఉందట. చెబితే నాయనమ్మని ఎక్కడికైనా పంపించేస్తామని నోరు మెదపలేదట. దాన్నే పంపించేశాం."

ఆ పిల్ల చెప్పకుండానే చెబుదామని చూసింది. అడిగింది కూడా, నిండు క్లాసులో, చెయ్యెత్తి మరీ. టీచరమ్మకి తల కొట్టేసినట్టయింది.

పెన్సిల్ తిరిగొచ్చిన రోజు వరండాలో ఆపి, "తప్పు నాదేనమ్మా. నువ్వడిగినప్పుడు వినాల్సింది" అంది.

"పర్లేదు మేడమ్. కాగితం మీద ఉన్నదే కదా చూడాలి" అంది పెన్సిల్. ఎత్తిపొడుపేం లేదు ఆ గొంతులో. ఉన్నా బాగుండేదనిపించింది టీచరమ్మకి.

శుక్రవారం కోర్టు ఎత్తేసింది. బదులుగా "మా ఇల్లు" అని వ్యాసం రాయమంది. పెన్సిల్ అరపేజీ రాసింది.

"మా ఇంట్లో మూడు గదులున్నాయి. నాన్నని అడగొచ్చు. వంటింటి కిటికీ రెక్క ఒకటి విరిగింది. అమ్మ కూడా చూసింది. నాయనమ్మ ఇప్పుడు నన్ను గుర్తుపట్టడం లేదు. డాక్టరుగారు రాసిచ్చిన కాగితం ఉంది. నాకు చాలా బాధగా ఉంది. దీనికి సాక్షులు ఎవరూ లేరు."

టీచరమ్మ ఎర్రపెన్ను మూత తీసి, ఆ చివరి వాక్యం మళ్ళీ చదివింది. కింద "నేనున్నాను" అని రాయాలనిపించింది. చెయ్యి రాలేదు. ఆ పిల్ల సాక్షి కోసం చెయ్యెత్తిన రోజున తను జడ్జీ కుర్చీలో కూర్చుని క్లాసుని నవ్వించింది.