అమ్మో పిన్ని పీకిన ప్లగ్గు

ఆ మేడలో అందరూ ఆవిణ్ణి అమ్మో పిన్ని అంటారు. ఏ మాట ఎత్తినా ముందు "అమ్మో" అనందే ఆవిడకి ఊపిరాడదు. కూతురు డాబా మీద యాంటెన్నా నిలబెట్టాక ఆ అమ్మోలు రెట్టింపయ్యాయి. వీధివాళ్లంతా కలిసి సొంతంగా నడుపుకునే ఇంటర్నెట్ అది. దాని పెట్టె పిన్ని వంటింట్లో, ఉప్పు డబ్బా పక్కన ఉంటుంది. పిడుగు పడి పెట్టె పేలుతుందనీ, ఇల్లంతా అంటుకుంటుందనీ ఆవిడ బెంగ. అందుకని మబ్బు పడితే చాలు, చడీచప్పుడు లేకుండా ప్లగ్గు పీకేస్తుంది. తెరిపిచ్చాక పెట్టేస్తుంది. సంగతి తెలియని కూతురు, నెట్ ఎందుకు ఆగుతోందో అంతుబట్టక, వైర్లు మార్చలేక జుట్టు పీక్కుంటోంది.

ఒకరోజు ఒక ఇంటర్నెట్ కంపెనీ మనిషి వచ్చి అందర్నీ కింద వరండాలో కూర్చోబెట్టాడు. మీ యాంటెన్నా తీసేసి మాది పెట్టించుకోండి, ఉచితం అన్నాడు. కాకపోతే వాళ్లు ఎంచిన సైట్లే తెరుచుకుంటాయి. అదే వద్దని కూతురు మొత్తుకుంటూ ఉండగా అందరి ఫోన్లలో నెట్ ఒక్కసారిగా ఆగిపోయింది.

కంపెనీ మనిషి నవ్వి, మాది కావాలన్నవాళ్లు చేతులెత్తమన్నాడు. వీధిలో క్షౌరశాల నడిపే సెలూన్ అన్న ముందుగా ఎత్తాడు. వెనకే మరికొన్ని లేచాయి.

అప్పుడే మెట్లు దిగి వచ్చిన పిన్నికి కూతురి మొహం కనబడింది.

"అమ్మో, ఆగండి. ప్లగ్గు పీకింది నేనే. ప్రతిసారీ నేనే. మబ్బేసిందని."

కూతురు నోరు తెరిచేలోగా సెలూన్ అన్న అందుకున్నాడు.

"మొన్న పాట మధ్యలో ఆగిపోతే, ఒకాయన సగం గడ్డంతో లేచి పోబోయాడు పిన్నీ."

తలా ఒక మాట అన్నారు. అన్నీ తల వంచుకుని పడింది. అయినా మనసు ఊరుకోదు కదా, కంపెనీ మనిషి వైపు తిరిగింది.

"మీది ఆగిపోతే ఎవర్ని తిట్టాలి బాబూ?"

ఒక నంబరుంది, చేయొచ్చన్నాడు. ఎత్తకపోతేనో అంది. మా చెల్లెలితో మాట్లాడే యాప్ మీకు నచ్చకపోతేనో, ఇవాళ నచ్చినది రేపు నచ్చకపోతేనో అంది. ఆయన సంచీ జిప్పు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు.

సెలూన్ అన్న చెయ్యి దించేశాడు.

"మాకు పిన్నే నయం. తలుపు కొడితే తిట్టడానికి దొరుకుతుంది."

నవ్వులతోపాటు మిగతా చేతులూ దిగాయి.

ఆ వారమే కూతురు యాంటెన్నాకి పిడుగుని నేలలోకి దించే తీగ కట్టించి, పెట్టెని సెలూన్‌కి మార్చింది. ఇప్పుడు మబ్బేస్తే పిన్ని సెలూన్ గుమ్మంలో నిలబడి "అమ్మో" అంటుంది. అన్న కత్తెర ఆపకుండానే, ప్లగ్గుకి అడ్డంగా వేసిన కుర్చీ చూపించి కూర్చోమంటాడు.