బోయిగూడ ఇంటి వెనక తలుపు

ఆ ఆదివారం కల్పలత ఇరవై మందికి పాత పోరాట స్థలాలు చూపించడానికి బయల్దేరింది గానీ, ఆమె గురి ఒక్కడి మీదే. దయాకర్ మీద.

బోయిగూడలోని ఆ పాత ఇల్లు ఇప్పుడు దయాకర్‌ది. 1947లో నిజాం సర్కారు మీద తిరగబడ్డవాళ్లు ఆరుగురు అందులో తలదాచుకున్నారు. ఒక మధ్యాహ్నం పోలీసులు వెనక తలుపు తీసుకుని నేరుగా లోపలికొచ్చారు. పట్టుబడ్డవాళ్లలో ఇద్దరు జైల్లోనే పోయారు. ఆ తలుపుకు బయటినుంచి తీసే రహస్యపు గడియ ఉంది. చేసినవాడికి తప్ప దాని కిటుకు ఎవరికీ తెలియదు, కాబట్టి పోలీసులకు చెప్పింది వడ్రంగి బ్రహ్మచారే అని తేల్చేశాడు వాళ్ల నాయకుడు రామ్మోహనరావు. దయాకర్‌కు తాత ఆయన; తర్వాత ఆ ఇల్లు కొన్నదీ ఆయనే. నెల తిరక్కుండానే బ్రహ్మచారి ఉరేసుకున్నాడు.

బ్రహ్మచారి కూతురు విజయమ్మ కల్పలతకు అమ్మమ్మ. ద్రోహి బిడ్డ అన్న మాట పడలేకే బోయిగూడ వదిలి ఏ.ఎస్. రావు నగర్ చేరింది. ఇప్పుడు అదే మాటను నల్లరాతి మీద చెక్కించి గోడకు బిగించాడు దయాకర్. పదకొండింటికి పరదా తీస్తారు. ఇంకో అరగంటే ఉంది.

"రండ్రి, రండ్రి! మా తాత ఇల్లు మంచిగ చూడున్రి," అన్నాడు దయాకర్. కల్పలత వెంట వచ్చి మడత కుర్చీలో కూర్చున్న ముసలామె ఎవరో అతనికి తెలియదు.

కల్పలత వెనక తలుపు దగ్గర ఆగింది. "ఈ గడియ తీసుడు ఇప్పుడు ఎవ్వలకు రాదు. వడ్రంగితోనే పోయింది. దయాకర్ సార్‌కు సుత రాదు."

"ఎవరన్నరమ్మా రాదని?"

"ఊకోండి సార్, ఇంతమంది ముందల ఇజ్జత్ పోతది."

ఎవరో నవ్వారు. దయాకర్ మొహం ఎర్రబడింది. ముందుకొచ్చి, ద్వారబంధం మీద చెక్కిన తామరపువ్వులో ఒక రేకు నొక్కి, పక్కదాన్ని పైకి జరిపాడు. తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది. జనం చప్పట్లు కొట్టారు. ఇరవై ఫోన్లు రికార్డు చేస్తున్నాయి.

కల్పలత మామూలుగానే అడిగింది. "ఇల్లు కొన్నంక మీ తాత ఎవరో మిస్త్రీతోని విప్పించి చూసిండు గావచ్చు?"

తప్పించుకునే దారి ఆమే చూపించింది. దయాకర్ దాన్ని కాలదన్నాడు.

"కొన్నంక ఏందమ్మా! తలుపు ఎక్కించిన దినమే తెలుసు. ఆ దినం వడ్రంగికి కొత్త బట్టలు పెట్టింది మా తాతనే. బట్టలు పెట్టినోళ్లకే కిటుకు చూపిస్తరు వడ్రంగి చారోళ్లు. గంత మర్యాద ఉండె మా తాతకు!"

"అంటే పోలీసులు రాకముందే ఆయనకు తెలుసు."

"తెలుసు మరి! ఆయనకొక్కనికే..."

మాట సగంలోనే రాతి మీది పరదా వైపు చూశాడు.

కల్పలత వెళ్లి పరదా లాగేసింది. 'చేసిన వాడికి తప్ప అన్యులకు తెలియని గడియ రహస్యాన్ని శత్రువుకు అమ్మిన ద్రోహి బ్రహ్మచారి' అని ఉంది రాతి మీద. చదివినవాళ్లు చదివినట్టే దయాకర్ వైపు తిరిగారు.

"వీడియోలు తీసెయ్యున్రి," అన్నాడతను. "మేడం, పరేషాన్ చెయ్యకు. రాయి ఇప్పుడే పలగ్గొట్టిస్త. నీకేం కావాల్నో చెప్పు."

"నాకు కాదు. బ్రహ్మచారి బిడ్డ ఆమె. ఆమెనడుగు," అని కుర్చీలో ఉన్న అమ్మమ్మను చూపించింది.

విజయమ్మ లేచింది. కర్ర ఆనించుకుంటూ వచ్చి అతని ఎదుట నిలబడింది.

"రాయి తర్వాత పలగ్గొడుదువు. ముందుగాల చదువు. మా నాయిన పేరు తీసి, ఆడ మీ తాత పేరు పెట్టి చదువు."

"అమ్మా, పెద్దమనిషివి..."

"చదువు."

ఒక్క ఫోనూ దిగలేదు. దయాకర్ రాతి వైపు తిరిగి మొదలుపెట్టాడు. చివరికొచ్చేసరికి గొంతు తగ్గించేశాడు. "ద్రోహి... రామ్మోహనరావు."

కల్పలతకు జాలి కలగలేదు. కలుగుతుందేమోనని ఒక్క క్షణం ఎదురుచూసింది కూడా.

విజయమ్మ కుర్చీ తెప్పించుకుని అతని ముందే కూర్చుంది.

"ఇనవడలే," అంది. "గట్టిగ చదువు."