నలుగురి మిషన్

చొక్కాల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టే ఆమెను అక్కడందరూ కాజాలక్క అనేవారు. పొద్దున్నే క్యారియర్ పట్టుకుని వెళ్లడం, చీకటి పడే వేళకు వచ్చి ఇంటి తాళం తానే తీసుకోవడం, తిన్న ఒక్క కంచం కడిగి బోర్లించడం. ఏళ్ల తరబడి ఇదే వరస. అమ్మానాన్నలు పోయాక తమ్ముణ్ణి పెంచి, పెళ్లి చేసి, వేరు కాపురం పెట్టించేసరికి ఆమె పెళ్లి సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఆమెకు కూడా.

ఆ ఏడు బోనస్ చేతికి రాగానే వీసీఆర్ కొనాలని బుద్ధి పుట్టింది. తోడుకి తమ్ముణ్ణి రమ్మంది. షాపులో మిషన్లన్నీ చూడటానికి ఒకేలా ఉన్నాయి.

"ఎంతమంది చూస్తారు?" అన్నాడు షాపాయన, చెప్పుల కొట్టులో సైజు అడిగినట్టు. ఎవరు కొనబోయినా అడిగే మాటే అది. ఇద్దరి మిషన్ ముందు ఇద్దరు కూర్చోవాలి, నలుగురి మిషన్ ముందు నలుగురు. ఒకరు తగ్గినా, ఒకరు ఎక్కువైనా టేపు కదలదు.

"అక్క ఒక్కతేనండీ. ఒక్కరిది ఇచ్చేయండి," అన్నాడు తమ్ముడు.

వాడి తప్పేం లేదు, ఉన్న మాటే అన్నాడు. అయినా కాజాలక్కకు లోపలెక్కడో కలుక్కుమంది.

"నలుగురిది ఇవ్వండి. ఆదివారాలు తమ్ముడూ, మరదలూ, పాపా ముగ్గురూ వస్తారు," అంది.

తమ్ముడు మొహమాటంగా నవ్వి, "వస్తాంలే అక్కా," అన్నాడు.

షాపాయన పెట్టెకు తాడు కడుతూ, "ఆలోచించుకోండమ్మా. వాడగా వాడగా అది ఇంటికి తగ్గట్టు మారిపోతుంది. మారాక ఇంక మన మాట వినదు," అన్నాడు.

మొదట్లో వచ్చారు. మేనకోడలు ఆమె ఒళ్లో కూర్చుని పడీపడీ నవ్వేది. తర్వాత ఒకవారం జ్వరం, ఇంకోవారం చుట్టాలు, మరోవారం వాన. ఆపైన సాకులు చెప్పడం కూడా మానేశారు. టేపు పెట్టి, మిషన్ మీద వెలిగే ఎర్రదీపం చూస్తూ కూర్చునేది కాజాలక్క. పక్కింటివాళ్లను పిలుద్దామంటే వాళ్లు ఐదుగురు. ఫ్యాక్టరీలో చొక్కాలు తొడిగి చూసే బొమ్మలు మూడు అడిగి తెచ్చి పక్కన నిలబెట్టింది. మిషన్ ఏమాత్రం మోసపోలేదు. తలల్లేని వాళ్లను ఎవరు లెక్కేస్తారులే అని తనకు తానే సర్దిచెప్పుకుని, బొమ్మల్ని తిరిగిచ్చేసింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం, అలవాటు కొద్దీ టేపు తోసి బట్టలు మడతపెడుతుంటే, గిర్రుమంటూ టేపు తిరిగింది. తెర మీద బొమ్మ పడింది. ఎవరో వచ్చారనుకుని గబుక్కున వెనక్కి చూసింది. ఎవరూ లేరు.

అప్పుడర్థమైంది. వాళ్లు రారని మిషన్‌కు ఆమెకన్నా ముందే తెలిసిపోయింది. అది కడుపుబ్బ నవ్వించే సినిమా. కాజాలక్క మడతపెట్టిన చీరలో మొహం దాచుకుని, సినిమా అయిపోయేదాకా ఏడ్చింది. ఆ తర్వాత రోజూ ఒంటరిగానే చూడటం మొదలుపెట్టింది. బాగానే ఆడేది.

చాలా నెలలకు, చెప్పాపెట్టకుండా ముగ్గురూ వచ్చారు. మేనకోడలు ఒక జానెడు ఎదిగింది. రాగానే టేపు పెట్టి వీసీఆర్ ముందు చతికిలబడింది. నలుగురూ కూర్చున్నారు. టేపు కదల్లేదు.

"పాడైపోయిందా వదినా?" అంది మరదలు.

"లేదమ్మా. నాకు అలవాటు పడిపోయింది."

తమ్ముడు తలెత్తలేదు. మరదలు చీర చెంగు సర్దుకుంది. ఇక లేచి వెళ్లిపోతారేమోనని కాజాలక్కకు గుబులు పట్టుకుంది.

"మేం బయటికెళ్తే ఆడుతుందా అత్తా?" అంది పిల్ల. జవాబు కోసం ఆగకుండా, అమ్మనూ నాన్ననూ చెరో చేత్తో లాక్కుపోయి తలుపు వేసేసింది.

వెంటనే మిషన్ కదిలింది. బొమ్మ తేటగా పడింది. ఇన్ని రోజులూ తనను కనిపెట్టుకుని ఉన్నది ఇదొక్కటే కదా అనిపించి, కాజాలక్క దాని వెచ్చటి పైభాగం మీద చెయ్యి వేసింది. రెండో చేత్తో, సినిమా మాటలు బయటికి వినపడేలోగా, ప్లగ్గు పీకేసింది.

"ఆడుతోందా అత్తా?" అని తలుపవతల నుంచి కేక వచ్చింది.

"లేదు తల్లీ," అంది కాజాలక్క. "లోపలికి రండి."