జమ్మి దగ్గర మొదటి బాణం

మా ఆయనకు తన నీడ మీద కూడా అనుమానమే. కొల్లేటి ఒడ్డున మా ఊళ్ళో విజయదశమి నాడు జమ్మిచెట్టు దగ్గర మొదటి బాణం మా ఇంటివాళ్ళే వేయాలి. అది తాతల నాటి హక్కు. ఒక్క ఏడు తప్పామా, ఆయన పినతండ్రి కొడుకు వెంకట్రాజు ఇంటికి శాశ్వతంగా పోతుంది. పంతొమ్మిది వందల ముప్పై ఆరులో దసరా ముందు అటకెక్కి చూస్తే మా కొమ్ము విల్లును చెదలు తినేసింది. జమ్మి దగ్గర కొమ్ము విల్లే ఆచారం, వెదురుది పనికిరాదు.

"చెదలు వాటంతటవే వచ్చాయంటావా?" అన్నారు మా ఆయన. ఎవరి మీద గురో నాకు తెలుసు.

ఏలూరులో ఓ పాతసామాన్ల కొట్లో మరో కొమ్ము విల్లు దొరికింది. మేమడిగిన ధరకే ఇచ్చాడని కొట్టువాడి మీదా అనుమానమే. చూస్తే చెక్క మీద అతికిన కొమ్ము పొర లేచిపోయి ఉంది. వట్లూరులో వడ్రంగి ఏసోబుకు ఇచ్చాం. చేపల గాలితిత్తులు ఉడికించిన జిగురుతో అతికించి, తాడు బిగించి చుట్టాడతను.

"ముసురు పట్టిందండి. జిగురు ఆరకుండా నారి ఎక్కించారంటే విల్లు దక్కదండి" అన్నాడు. బండి తెర వెనక నుంచి నేనూ విన్నాను.

మళ్ళీ వెళ్ళినప్పుడు ఏసోబు పాకలోంచి వెంకట్రాజు బయటికి రావడం ఈయన కంట పడింది. ఇంకేముంది, విల్లు లాక్కుని ఇంటికొచ్చేశారు.

"వాడే చెప్పి ఆలస్యం చేయిస్తున్నాడే."

"ఏవండీ, ఇంకా ఆరలేదన్నాడు కదండీ."

"నువ్వూ వాళ్ళ పక్షమేనా?"

నాకు ఒళ్ళు మండింది. వంటింట్లోకి పోయాను. ఆయన తాడు విప్పేసి నారి ఎక్కించి లాగారు. టప్పుమంది. కొమ్మొక పక్క, చెక్కొక పక్క.

"చూశావా, కావాలనే చెడగొట్టి ఇచ్చాడు" అన్నారు.

దశమి నాడు ఉత్త చేతులతో జమ్మి దగ్గర నిలబడ్డారు. గూడుబండిలోంచి చూస్తుంటే నా ప్రాణం ఉసూరుమంది. అంతలో వెంకట్రాజు రెండు చేతుల మీద ఓ కొమ్ము విల్లు పట్టుకొచ్చాడు.

"అన్నయ్యగారూ, మీ విల్లు పండక్కి ఆరదేమోనని ఏసోబు అన్నాడండి. మా ఇంట్లోది మీ కోసం బాగుచేయించాను. మొదటి బాణం మీదేనండి, కానివ్వండి."

పోయిన ప్రాణం లేచి వచ్చింది నాకు. ఇన్నాళ్ళూ ఇలాంటివాడినా అనుమానించాం అనుకున్నాను.

మా ఆయన విల్లు తిప్పి చూశారు. నారి తడిమారు. జిగురు వాసన చూశారు.

"నలుగురిలో నా చేతిలో విరగాలనేగా?" అని తిరిగి అతని చేతిలోనే పెట్టేశారు.

వెంకట్రాజు బతిమాలాడు. పొద్దు వాలిపోతోందన్నాడు పురోహితుడు. ఈయన కదల్లేదు. చివరికి కళ్ళు తుడుచుకుని వెంకట్రాజే ఆ విల్లెత్తాడు. బాణం నిక్షేపంలా వెళ్ళింది. రేపు నా కొడుకు వేయవలసిన బాణం అది.

ఆయన బండి దగ్గరికొచ్చారు. ముఖంలో ఇసుమంత బాధ లేదు.

"మన హక్కు వాడు కాజేస్తాడని నేను మొదటి నుంచీ చెప్పలా?"