ఆవపిండి రంగు కోటు

పొద్దున్నే షట్టరు పైకి లేపగానే మాస్టరు చేసే మొదటి పని, తెల్లదారం రీలు మిషనుకెక్కించడం. తెల్లదారంతో కుట్టాల్సినవన్నీ ఒక కుప్ప. అవయ్యాక నల్లదారం కుప్ప, ఆ తర్వాత నీలం. కుట్టేవాడి పొద్దు కుట్టడంలో పోదు. దారం మార్చడంలో, బాబిన్ చుట్టడంలో, కత్తెర ఎక్కడ పెట్టామా అని తడుముకోవడంలో పోతుంది.

ఈ ముక్క ఆయన సొంతంగా కనిపెట్టింది కాదు. వర్తకుల సంఘం చిన్న దుకాణాలవాళ్ళకి ఒక సభ పెట్టి, సూటు వేసుకున్న పెద్దమనిషి చేత చెప్పించింది. "ఒకే రకం పనులు ఒకేసారి. మిగిలినవి తర్వాత. సమయమే పెట్టుబడి!" అన్నాడాయన. అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరి సమయం, ఎవరికి పెట్టుబడి అని లేచి అడిగినవాడు లేడు. మనిషి తీరికను దోచుకునేవాడు కత్తి పట్టుకుని రాడు. టైంటేబులు చేతిలో పెట్టి, నీ మంచికేనని చెప్పి, భుజం తట్టి వెళ్ళిపోతాడు.

పద్ధతి పనిచేయలేదని అనలేం. ఇస్తానన్న రోజుకి బట్టలు అందుతున్నాయి, మాస్టరు మాటంటే మాటేనని పేరొచ్చింది. 'తర్వాత' కుప్పలో పడ్డ బట్టలు మాత్రం, ఏ బట్టలైనా చేసే పనే చేసేవి. సూది కోసం ఎదురుచూసి చూసి విసుగెత్తి, లేచి దులుపుకుని, దుకాణం బయట బల్లమీద వరసగా కూర్చునేవి. మనుషులు తొడుక్కున్నట్టే నిండుగా ఉండేవి, లోపల మనిషే ఉండడు. చొక్కా చేతులు కట్టుకునేది. ప్యాంటు కాలుమీద కాలేసుకునేది. ఎదురుగా గొడుగులు బాగుచేసే ముసలాయన, వీధికంతటికీ గొడుగు తాత, ఎండవేళ వాటి మధ్య ఇరుక్కుని కూర్చునేవాడు. "మధ్యలో అడ్డు తగలకుండా నా మాట వినేది ఈ వీధిలో ఇవే" అనేవాడు. చినుకు పడితే తనే ఒక గొడుగు తెచ్చి వాటికి పట్టేవాడు.

ఆ బల్లమీద ఒకటి మాస్టరు భార్యది. ఆవపిండి రంగు ఉన్ని కోటు.

దుకాణం వెనకగదిలో, తెర చాటున కూర్చుని ఆవిడ కాజాలు కుడుతుంది, బొత్తాలు వేస్తుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ అదే మూల. కిటికీ సందులోంచి గాలి కోసేస్తుంది. పోయిన చలికాలం వేళ్ళు కొయ్యబారి, సూది ఎక్కడ పట్టుకుందో తెలియక గుచ్చుకునేది. అందుకని నచ్చిన గుడ్డ తనే తెచ్చుకుంది. మాస్టరు ఆ సాయంత్రమే కొలతలు తీశాడు. భుజం దగ్గర టేపు పెట్టి, టేపు జారిపోయినా చెయ్యి అక్కడే ఉంచేశాడు.

"ఏమండీ, ఇంకా కొలుస్తున్నారా?"

"ఉండవే, భుజం కుదిరితేనే కోటు."

ఆవిడ నవ్వింది. ఆ వేడిలోనే అతను గుడ్డ కత్తిరించాడు, కచ్చాకుట్లు వేశాడు. అవి లాగితే ఊడొచ్చే పొడుగు కుట్లు, మిషను మీద గట్టిగా కుట్టేదాకా ముక్కల్ని కలిపి ఉంచడానికి. పని అక్కడ ఆగింది. ఆ రంగు దారంతో కుట్టాల్సింది ఇంకొకటి రాలేదు.

"నా కోటు ఎంతవరకొచ్చిందండీ?"

"ఆ రంగువి ఇంకొన్ని రానీ. కలిపి కుట్టేస్తా."

"ఆ రంగు వేసుకునే పిచ్చిది ఈ ఊళ్ళో నేనొక్కదాన్నేనండీ."

"పోనీ నల్లదారంతో లాగించెయ్యనా?"

"లాగించండి. బయటికెళ్తే ఎవరు కుట్టారని అడుగుతారు, మీ పేరే చెప్తా."

ఇద్దరూ నవ్వుకున్నారు. కోటు బల్లమీదే ఉండిపోయింది. ఇంట్లో మనిషే కదా, ఎక్కడికి పోతుంది అనుకున్నాడు మాస్టరు. లోకంలో దుకాణాలన్నీ ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉన్నాయి. కూలి అడగని చెయ్యి లోపల ఎక్కడో కాజాలు కుడుతూ ఉంటుంది, బయట బోర్డుమీద ఇంకొకరి పేరు మెరుస్తూ ఉంటుంది.

బల్లమీద చొక్కాలు మారాయి, ప్యాంట్లు మారాయి. కోటు అచ్చం ఆవిడ ఆకారంలోనే కూర్చునేది. రాన్రాను దాని భుజాలు వంగాయి. మిషను ముందు కూర్చుంటే కిటికీలోంచి మాస్టరుకి అదే కనబడేది. అది కనబడితే ఆవిడ కనబడ్డట్టే ఉండేది. దాంతో వెనకగదికి వెళ్ళడమే తగ్గిపోయింది. కాజాలు కుట్టాల్సిన బట్టలు తెర కిందనుంచి అటు తోసేవాడు. కుట్టినవి తెర కిందనుంచే ఇటు వచ్చేవి. ఎంత సమయం కలిసొచ్చిందో!

"మాస్టరూ, ఆ కోటు ఈమధ్య వచ్చేపోయే బస్సులు చూస్తోందయ్యా" అన్నాడు గొడుగు తాత ఒకరోజు.

"తలే లేదు కదా తాతా, ఎలా చూస్తుంది?"

"తలుండి నువ్వేం చూస్తున్నావు గనక!"

ఆ రాత్రి అన్నాల దగ్గర ఆవిడ అడిగింది. "రేపు కాసేపు బయట నాతో కూర్చోకూడదూ? ఊరికే."

"ఊరికే అంటే?"

"ఊరికే అంటే ఊరికేనండీ. ఏ పనీ లేకుండా."

ఆ పని ఏ కుప్పలో వెయ్యాలో అతనికి తోచలేదు. "ఆదివారం చూద్దాంలే" అన్నాడు. ఆదివారం వచ్చింది. వచ్చే వారం బట్టల్ని రంగులవారీగా సర్దుకోవడంలో పోయింది.

చలి ముదిరింది. నల్లకోట్లు తెమలాల్సిన రోజు అది. మాస్టరు తలెత్తేసరికి, బయట ఆవపిండి రంగు కోటు బల్లమీంచి లేచి నిలబడి ఉంది. కాలరు పైకెత్తి ఉంది, వీపు ఇటు. కూర్చుని కూర్చుని ఉన్న బట్టలు అప్పుడప్పుడూ వీధి చివరిదాకా నడిచి రావడం మామూలే.

"ఏమే, నీ కోటు షికారుకెళ్తోంది చూడు!" అని లోపలికి కేకేశాడు.

తెర కదల్లేదు. లేచి వెళ్దామంటే సూది కింద నల్లకోటు చెయ్యి సగంలో ఉంది. మూలమీద బస్సు ఆగింది. కోటు మెట్టుమీద కాలుపెట్టి ఆగిపోయింది. చాలాసేపే ఆగింది. కండక్టరు విసుక్కోవడం కూడా కనబడింది. నల్లవి అయ్యాక వెళ్ళి తెచ్చుకోవచ్చులే అనుకుని మాస్టరు మిషను తొక్కాడు. బస్సు కదిలిపోయింది.

నల్లవి అయ్యాయి. అలవాటు ప్రకారం తెర కిందనుంచి తోశాడు. అటువైపు ఎవరూ అందుకోలేదు. తెర తీసి చూస్తే కుర్చీ ఖాళీ. కాజాలు కుట్టినవన్నీ మడతలు పెట్టి ఉన్నాయి. కిటికీ సందులో గుడ్డపీలికలు కుక్కి ఉన్నాయి.

బయటికి పరిగెత్తాడు. గొడుగు తాత విరిగిన గొడుగు ఊచ సరిచేస్తూ తలెత్తలేదు. "అమ్మాయి చాలాసేపు దాని పక్కనే కూర్చుందయ్యా. నీ వైపే చూస్తూ కూర్చుంది. తర్వాత చూస్తే ఇద్దరూ ఒక్కరే అయిపోయారు."

"మరి నాకో కేకెయ్యొద్దా తాతా?"

"నీ కళ్ళముందే కదటయ్యా వెళ్ళింది!"

ఆ రోజే బయల్దేరాల్సింది. ఒప్పుకున్నవి అందరికీ ఇచ్చేసి వెళ్దామనుకున్నాడు. ఒప్పుకున్నవి తరగవు కదా. చలికాలం చివరికి, ఆవపిండి రంగు దారం రీలు జేబులో వేసుకుని, ఇంకెక్కడికి పోతుందిలే అని ఆవిడ అక్క ఉండే ఊరికి వెళ్ళాడు.

ఆ అక్క, మరికొందరు ఆడవాళ్ళు కలిసి అక్కడ ఒక కుట్టు కేంద్రం పెట్టుకున్నారు. యజమాని అంటూ ఎవరూ లేరు. పొడుగాటి బల్ల చుట్టూ అందరూ, మధ్యలో నిప్పులకుంపటి. అతన్ని చూసి ఆవిడే గుమ్మంలోకి వచ్చింది. కోటు వేసుకుని ఉంది. కొంచెం ఒళ్ళు చేసింది.

"అలా చెప్పకుండా వచ్చేస్తావా?"

"నేను తొడుక్కోలేదండీ. ఊరికే పక్కన కూర్చున్నాను. అదే నన్ను తొడుక్కుంది. బస్సు మెట్టుమీద కూడా ఆగి చూసింది."

"ఒట్టి కోటే అనుకున్నానే."

"తెలుసు" అంది ఆవిడ, కోపం లేకుండా. అతను కోటు భుజం వైపు చూశాడు.

"ఎవరు కుట్టారు?"

"అందరూ. ఎవరి చేతిలో ఏ దారముంటే దాంతో తలో కాస్త."

అలవాటు కొద్దీ భుజం కుట్టు మీద వేలు పోనిచ్చాడు. ఎరుపు కాస్త, ఆకుపచ్చ కాస్త, తెలుపు, మళ్ళీ ఎరుపు. వంకరటింకరగా ఉన్నాయి. కానీ కుట్టుమీద కుట్టు వేసి బిగించారు. ఇప్పుడు విప్పి తన దారంతో కుడదామంటే గుడ్డ చిరగాలే గానీ ఇవి ఊడవు. కుట్టుపనివాడు గనక ఎవరూ చెప్పకుండానే తెలిసింది. జేబులో రీలుని పిడికిట్లో బిగించి పట్టుకుని, బయటికి తీయకుండా జేబులోనే వదిలేశాడు.

లోపల్నుంచి అక్క గొంతు వినబడింది. "ఎవరే వచ్చింది?"

ఆవిడ అతన్నే చూస్తూ, వీధిలో అందరూ పిలిచే పేరే చెప్పింది.

"మాస్టరుగారక్కా. టీ తాగి వెళ్తారు."