ఇసుకకి దీపం

అమెరికాలోని డులూత్‌లో చేపలు పెంచేవాళ్ల వేలంలో మార్లిస్ ముచ్చటపడి కొన్న క్రిప్ట్ అనే నీటిమొక్క, ఇంటి అక్వేరియంలో నాటిన నాలుగో రోజుకే ఆకులన్నీ జావలా కరిగిపోయి బోడిగా మిగిలింది. పీకి పారేస్తున్నానని ఆమె ఫోన్ చేస్తే, మొక్క అమ్మిన ముసలి ఆరిన్ కేకేశాడు.

"చెయ్యి తియ్యమ్మా! కొత్త నీళ్లలో పెడితే అది ఆకులే వదిలేస్తుంది, వేరు బతికే ఉంటుంది. దాని జోలికి పోకు."

మార్లిస్ తలుపు గడియ మూడుసార్లు చూసుకునే మనిషి. ఊరికే కూర్చోవడం ఆమె వల్లయ్యే పని కాదు. అయినా పంటిబిగువున రోజూ ఎనిమిది గంటలు ఆ బోడి ఇసుక మీద లైటు వేసి ఉంచింది.

"ఇసుకకి దీపం పెడుతున్నావేమిటే, వరాలిస్తుందా?" అని మొగుడు డ్వేన్ వెక్కిరించాడు.

"నోరు మూసుకుని కాఫీ తాగు."

ఆరో వారం ఇసుకలోంచి గోరంత ఆకు లేచింది. పదో వారానికి ఆకులు అయిదయ్యాయి. ఓ మధ్యాహ్నం నీళ్లు మార్చి లైటు వేశాక, ఒక ఆకు అంచున బుడగ పుట్టింది. ఆవగింజంతై, వణికి, విడివడి వెండిపూసలా పైకి తేలింది. వెనకే మరొకటి, ఆ వెనక వరసగా ఇంకెన్నో. ఆకు ఊపిరి వదులుతోంది.

రాత్రి లైటు ఆర్పే వేళయిందని మార్లిస్ చెయ్యి చాచింది. పక్కన కూర్చుని బుడగలే చూస్తున్న డ్వేన్ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంకాసేపు ఉంచవే" అన్నాడు, గుళ్లో మాట్లాడినంత నెమ్మదిగా.