పచ్చదీవా, తాబేళ్ళ దీవా?

షియులాన్ పుట్టిన నెలలోపే జ్యోతిష్కుడు వేళ్ళు లెక్కపెట్టి, ఈ పిల్లకి నీటిగండం ఉందని తేల్చేశాడు. చెప్పినవాడు చెప్పి తన దారిన తాను పోయాడు. వాళ్ళమ్మ మాత్రం ఆ ముక్క పట్టుకుని బతికినన్నాళ్ళూ కూతుర్ని నీళ్ళ ఛాయలకి పోనివ్వలేదు. చుట్టూ సముద్రమున్న తైవాన్‌లో, అందులోనూ చేపలవాసన నట్టింట్లోకి వచ్చే థైనాన్ ఊళ్ళో పుట్టి, యాభై దాటినా ఆ మనిషి మోకాలి లోతు సముద్రంలో నిలబడలేదంటే ఎవరైనా నమ్ముతారా! బడిపిల్లలంతా సముద్రపొడ్డుకి షికారు వెళ్ళే రోజున ఆమెకి తప్పకుండా జ్వరం వచ్చేది. ఆ జ్వరం సంగతి వాళ్ళమ్మ ముందురోజే మేష్టారికి చెప్పి ఉంచేది.

పెళ్ళినాడు ఆవిడ అల్లుడి రెండు చేతులూ పట్టుకుని, "నాయనా, నీళ్ళ దగ్గర దీన్ని ఒంటరిగా వదలకు" అని మాట తీసుకుంది. యావ్‌కున్ మంచివాడు. మంచివాడేమిటి, చాదస్తం పాలు కూడా కాస్త కలిసినవాడు. అసలు నీళ్ళ దగ్గరికే తీసుకెళ్ళకపోతే వదలడం, వదలకపోవడం అనే గొడవే ఉండదు కదా అని తీర్మానించుకున్నాడు.

బజారులో మొగుడూ పెళ్ళాలది పిండిరేకుల కొట్టు. తడిపిండి ముద్దని చేత్తో ఆడిస్తూ వేడిపెనం మీద ఒక్కసారి అద్ది లాగేస్తే, వెలుతురు కనబడేంత పల్చటి రేకు మిగులుతుంది. అందులో కూరలూ, మాంసం, వేరుశనగపొడి పెట్టి చుట్టుకు తింటారు. పెద్దల సమాధులు శుభ్రం చేసే పండుగకి ఆ చుట్టలు లేని ఇల్లుండదు. కాబట్టి పండుగ ముందు వారమంతా ఇద్దరికీ ఊపిరి సలపదు. పండుగ వెళ్ళిన మర్నాడు షట్టరు దించేసి, మూడు రోజులు ఎక్కడికో పోవడం వాళ్ళకి అలవాటు. పోయి కూర్చునే రకాలు కూడా కాదు. ఒక ఏడు కొండెక్కారు, ఇంకో ఏడు సరస్సు చుట్టూ సైకిలు తొక్కారు. మొత్తానికి ఎప్పుడూ కొండలే. ఈ ఏడు షియులాన్, "దీవికి పోదాం" అంది.

యావ్‌కున్ నోట్లో పెట్టుకున్న రేకుచుట్ట నోట్లోనే ఉండిపోయింది. మింగి, నీళ్ళు తాగి, తేరుకుని, "సరే, పచ్చదీవికి పోదాం" అన్నాడు.

"నేనన్నది ల్యూచ్యూ. తాబేళ్ళు ఉండేది."

"తాబేళ్ళు చూడ్డానికి అక్కడిదాకా ఎందుకే ఓనరమ్మా? నన్ను చూడు. నేను నడిచినా అంతే ఉంటుంది."

"నిన్ను పాతికేళ్ళుగా చూస్తున్నా. కళ్ళు కాయలు కాశాయి."

"అది కాదే. పచ్చదీవిలో కొండ ఉంది. అడవి దారుంది. దీవి చుట్టూ సైకిలేసుకుని తిరగొచ్చు. సముద్రం పక్కనే వేడినీళ్ళ ఊట. మెడదాకా కూర్చోవచ్చు. ల్యూచ్యూలో ఏముంది? స్కూటరెక్కితే గంటలో దీవి అయిపోద్ది. తర్వాత ఏం చేస్తావ్?"

"ఈదుతా" అని నాలిక చివరిదాకా వచ్చింది షియులాన్‌కి. మింగేసింది. "పచ్చదీవి పడవలో మనుషులు పేగులు బయటికొచ్చేలా వాంతులు చేసుకుంటారంట" అని మాట మార్చింది.

అసలు సంగతేమిటంటే, తల్లి పోయి ఏడాది తిరిగాక, కిందటి శరదృతువులో, షియులాన్ ఎవరికీ చెప్పకుండా పురపాలకసంఘం వారి ఈతకొలనులో చేరింది. మధ్యాహ్నం కొట్టు కట్టేశాక, "మేయ్‌యూన్ దగ్గర తల కడిగించుకుని వస్తా" అని బయల్దేరేది. ఆ ఊళ్ళో ఆడవాళ్ళు పార్లరుకి వెళ్ళి తల కడిగించుకోవడం కొత్తా కాదు, వింతా కాదు. తడిజుట్టుతో ఇంటికొస్తే అడిగేవాడు లేడు. యావ్‌కున్ కూడా ఆ వేళకి గుడి అరుగు మీద చదరంగానికని పోయేవాడు. మొదటిరోజు కొలను గట్టు పట్టుకుని ఏడ్చింది. నెల తిరిగేసరికి తేలే చెక్క పట్టుకుని కాళ్ళాడించింది. కొత్త సంవత్సరం నాటికి ఈ చివర నుంచి ఆ చివరికి ఈదింది. ఈది గట్టు పట్టుకున్నప్పుడు, నా ఒళ్ళు నాకు ఇన్నాళ్ళకి దొరికిందని అనిపించిందామెకి.

ఇప్పుడు ఆమెకి కావలసింది సముద్రం. అది కూడా దొంగతనంగా కాదు, మొగుడు చూస్తుండగా కావాలి. ల్యూచ్యూకి ఒప్పుకుంటే అక్కడ చెప్పేద్దామనుకుంది. పచ్చదీవి అంటే ఆ కొండలూ సైకిళ్ళూ వేడినీళ్ళ ఊటతో సరిపెట్టేస్తాడు. వచ్చే ఏడు మళ్ళీ కొండే. ఆ పై ఏడు మోకాళ్ళు ఉంటాయో, ఉండవో.

రెండు రోజులు వాదించుకున్నారు. రేకులు లాగుతూ వాదించుకున్నారు, రేకులు పేర్చుతూ వాదించుకున్నారు. కొనడానికి వచ్చినవాళ్ళు కూడా తలా ఒక దీవి పక్షం చేరిపోయారు. చివరికి యావ్‌కున్, "మనవల్ల కాదు గానీ, మాజు అమ్మవారినే అడుగుదాం" అన్నాడు. సముద్రం మీద పోయేవాళ్ళని కాచే తల్లి ఆవిడ. దీవుల సంగతి ఆవిడకి తెలియక ఇంకెవరికి తెలుస్తుంది?

అమ్మవారు జవాబు చెప్పేది బ్వే చెక్కలతో. చంద్రవంకల్లా రెండుంటాయి, ఒకవైపు చదును, ఒకవైపు గుండ్రం. అడగవలసింది అడిగి నేలమీద విసరాలి. ఒకటి చదునువైపు, ఒకటి గుండ్రంవైపు పైకి పడితే ఔనని. రెండూ గుండ్రంగా పడితే కాదని. రెండూ చదునువైపు పైకి పడ్డాయనుకో, అమ్మవారు నవ్వుతోందని. పెద్ద విషయమైతే వరసగా మూడుసార్లు ఔననాలి.

గుళ్ళో యావ్‌కున్ అగరొత్తులు గుచ్చి, పేరు చెప్పి, పుట్టినరోజు చెప్పి, చిరునామా చెప్పడం మొదలెట్టాడు. "బజారు ఉత్తరం గేటు పక్క సందు, తల్లీ. మూల మీద బాతుమాంసం కొట్టుంటుంది, అది దాటి..."

"అమ్మవారికి దారి చెప్తావేంటి, ముసలి కోతీ! ఉత్తరం బట్వాడా చేస్తుందా?"

"తెలియాలి కదే!" అని కసిరి, "పచ్చదీవికి పొమ్మంటావా తల్లీ?" అని విసిరాడు. రెండూ చదునువైపు పైకి పడ్డాయి. నవ్వు.

"జరుగు" అని షియులాన్ అందుకుని, ల్యూచ్యూ పేరు చెప్పి విసిరింది. మళ్ళీ నవ్వు. యావ్‌కున్ ఈసారి కళ్ళు గట్టిగా మూసుకుని విసిరాడు. చెక్కలు కాసేపు ఊగి, ఊగి, మళ్ళీ నవ్వాయి.

గుళ్ళో ఊడ్చే జిన్ అవ్వ చీపురు మీద గడ్డం ఆన్చి ఇదంతా చూస్తోంది. "అమ్మవారు ఊరికే నవ్వదర్రా. కడుపులో ఒకటి పెట్టుకుని నోటితో ఇంకొకటి అడిగితే నవ్వుద్ది. మీ ఇద్దర్లో దొంగెవరు?"

"నేను కాదు!" అన్నారిద్దరూ ఒక్కసారే.

అవ్వ పకపకా నవ్వి ఊడ్చుకుంటూ అవతలికి పోయింది. షియులాన్ మాత్రం ఆలోచనలో పడింది. మొగుడికి అబద్ధం చెప్పొచ్చు, అమ్మవారి ముందు మోకరిల్లి ఎలా చెప్తుంది? మొగుడి వైపు చూడకుండా, విగ్రహం వైపే చూస్తూ అనేసింది. "నేను మేయ్‌యూన్ దగ్గరికి పోవట్లేదు. ఈత నేర్చుకున్నాను. సముద్రంలో ఈదాలనుంది. అందుకే ల్యూచ్యూ అన్నాను."

గొడవ మొదలవుతుందని భుజాలు బిగించుకుని కూర్చుంది. ఎంతకీ మొదలవలేదు. చూస్తే, యావ్‌కున్ చెవులు ఎర్రగా కందిపోయి, చెక్కల్ని అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"నువ్వు ఎడంవైపే ఊపిరి తీసుకుంటావ్" అన్నాడు చివరికి. "కుడివైపు నీకు రాదు."

"అది నీకెట్లా తెలుసు?" అంది షియులాన్.

"మేయ్‌యూన్ రేకులకొచ్చి, మీ ఆవిడకి నామీద కోపమొచ్చిందా, శరదృతువు నుంచి మొహమే చూపించట్లేదంది. ఆ మధ్యాహ్నం నీ వెనకే స్కూటరేసుకుని వచ్చా. అప్పట్నుంచీ నువ్వు కొలనులో ఉన్నంతసేపూ పైన బెంచీల మీద, స్తంభం చాటున నేనుంటున్నా."

"మరి చదరంగం?"

"చదరంగం ఆడి ఎన్నాళ్ళయిందో. ఎలుగెత్తి అరుద్దామని ఎన్నిసార్లు లేచానో తెలుసా? నువ్వు మునిగినప్పుడల్లా ఊపిరి బిగబట్టి నాకే గుండె జబ్బొచ్చేలా ఉంది."

"మరి ఎందుకు అడగలేదయ్యా?"

"అడిగితే మానెయ్యమనాలి. మీ అమ్మకి మాటిచ్చానుగా. మానెయ్యమంటే నువ్వు మానేస్తావ్. మొదటిసారి ఈ కొస నుంచి ఆ కొసకి పోయి, గట్టు పట్టుకుని నవ్వావు చూడు... ఆ నవ్వు చూశాక నాకు నోరు రాలేదే."

షియులాన్‌కి కళ్ళనీళ్ళు తిరిగాయి. తిరిగితే తిరిగాయి, కోపం కూడా వచ్చింది. "ఇంత తెలిసీ పచ్చదీవి, పచ్చదీవి అని నా ప్రాణం తీశావు కదా!"

"కొలనుకి గోడలున్నాయి. సముద్రానికి లేవు" అన్నాడు యావ్‌కున్. ఆ మనిషికి ఈత ఒక్క ముక్క రాదు. గండం ఉన్నది పెళ్ళానికైనా, నీళ్ళంటే భయం మాత్రం మొగుడిదే.

షియులాన్ అతని మోకాలి మీద చెయ్యి వేసింది. "పోనీలే. కొండకే పోదాం" అంది. మనస్ఫూర్తిగానే అంది. తెలిసీ నోరు మెదపకుండా రోజూ ఆ బెంచీ మీద కూర్చున్నవాడిని ఇంకా ఏం ఏడిపిస్తుంది?

యావ్‌కున్ ఆ మాట వినిపించుకోలేదు. మోకాళ్ళు సర్దుకుని, చెక్కలు నుదుటికి ఆన్చుకున్నాడు. "తల్లీ, ఇదిగో, ఉన్నదున్నట్టు అడుగుతున్నా. నా పెళ్ళాం ల్యూచ్యూలో సముద్రంలోకి దిగుతుంది. పక్కన నేనుంటా. ఔనంటావా?"

విసిరాడు. ఔనంది. రెండోసారి విసిరాడు. ఔనంది. మూడోసారి చెయ్యి చెమటపట్టి జారిందేమో, ఒక చెక్క ఎదురుగానే పడింది గానీ, రెండోది దొర్లుకుంటూ పోయి నైవేద్యాల బల్ల కిందికి దూరింది. ఆ బల్ల గుడంత బరువు. కిందంతా చీకటి.

"ఉండండర్రా, తీస్తా" అని జిన్ అవ్వ చీపురుతో వంగింది.

"తియ్యొద్దు!" అని యావ్‌కున్ కేక పెట్టాడు. గుళ్ళో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. అతను ఎదురుగా పడిన చెక్కనే తేరిపార చూశాడు. చదునువైపు పైకి పడి ఉంది. వేళ్ళు మడిచి ఏదో లెక్క వేసుకున్నాడు. మెల్లగా మొహం విప్పారింది. "ఇది చదును పడింది. రెండోది గుండ్రం పడితే ఔనని. అదీ చదునే పడితే నవ్విందని. ఎట్లా చూసినా కాదనడానికి మాత్రం లేదే! నవ్వితే నవ్వనీ."

"అమ్మవారితోనే బేరమాడే మొనగాడివి!" అంది అవ్వ. అని, చీపురు వెనక్కి తీసుకుంది.

పండుగ వెళ్ళిన మర్నాడు ల్యూచ్యూ పడవెక్కారు. సముద్రం బుద్ధిగానే ఉంది. అయినా యావ్‌కున్ పచ్చబడిపోయి, దిగేదాకా పెళ్ళాం చెయ్యి వదల్లేదు. "పచ్చదీవి పడవైతే నిన్ను బస్తాలో వేసి మోసేదాన్ని" అని షియులాన్ ఒకటే వేళాకోళం. దిగాక స్కూటరు తీసుకుని దీవి చుట్టారు. కొండమెట్లెక్కి దిగారు. సాసేజీలు కాల్పించుకుని తిన్నారు. "గంటలో అయిపోద్దన్నావుగా" అని ఆమె దెప్పితే, "ఇంకోసారి తిరుగుదాం" అన్నాడు. వాయిదా వేస్తున్నాడని ఆమెకి తెలుసు. తెలిసీ ఇంకోసారి తిరిగింది.

రెండోరోజు పొద్దున్న రేవులో, గైడుగా వచ్చిన దిట్టమైన ఆడమనిషి షియులాన్ ఈత సంగతి విని, "అక్కా, నీకు రబ్బరు సూటు చాల్లే" అంది. యావ్‌కున్‌ని చూసి నారింజరంగు తేలుడు చొక్కా తొడిగింది, పట్టీలు రెండుసార్లు బిగించింది, తేలే చక్రం కూడా చేతికిచ్చి తాడు తన నడుముకి కట్టుకుంది. "బావా, దీన్ని వదలొద్దు" అంది.

"చచ్చినా వదలను" అన్నాడు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, నీళ్ళు వెచ్చగా ఉన్నా సరే.

షియులాన్ నడుము దాకా దిగింది. ఉప్పునీరు పాదాల కింది ఇసుకని లాగేస్తోంది. అమ్మ గుర్తొచ్చింది. జ్వరం రాకపోయినా దుప్పటి కప్పి పడుకోబెట్టి, పక్కనే కూర్చుని పండ్లు ఒలిచిపెట్టిన అమ్మ. ఇన్నేళ్ళూ మనసులో కోపమే ఉందనుకుంది. తీరా చూస్తే అది బెంగ. "అమ్మా, దిగుతున్నానే" అని ముఖం నీళ్ళలో పెట్టింది.

కింద నాచురాళ్ళ మీద తాబేలు ఒకటి మేస్తోంది. ఆమెని లెక్కచెయ్యలేదు. మేత ముగించుకుని తీరిగ్గా పైకి తేలి, యావ్‌కున్ ముక్కుకి ఎదురుగా బుస్సుమని ఊపిరి వదిలింది. అతను దీవి మొత్తం వినబడేలా అరిచాడు. అరిచి, బతికే ఉన్నానని తెలుసుకుని, పగలబడి నవ్వాడు. నోట్లోకి ఉప్పునీరు పోయి దగ్గాడు, మళ్ళీ నవ్వాడు.

"నువ్వు ఒడ్డున ఉండి చూస్తావనుకున్నానయ్యా" అంది షియులాన్.

"మీ అమ్మకి ఇచ్చిన మాట ఏంటి? నీళ్ళ దగ్గర ఒంటరిగా వదలనని. వదిలానా?" చక్రం మీద వేళ్ళు తెల్లబడేలా పట్టుకుని, గైడుని బతిమాలుకున్నాడు. "ఏమ్మా, నన్ను కాస్త అటు లాగవా? ఆవిడకి ఎడంపక్కకి."

"ఎడంపక్కే ఎందుకు బావా?"

"కుడివైపు ఆవిడకి ఊపిరి రాదు."

గైడుకి ఏం అర్థమైందో గానీ లాగింది. షియులాన్ చెయ్యి చాచి సముద్రంలోకి ఈదింది. గోడల్లేవు, గట్టు లేదు. ఊపిరికని తల తిప్పినప్పుడల్లా అక్కడే, నారింజరంగు చొక్కాలో, వణుకుతూ మొగుడున్నాడు.